‘కరెంటు’ పెట్టే ముందు: రొమ్ము క్యాన్సర్ రేడియేషన్ వెనుక కొలతల పని

క్యాన్సర్ ఆసుపత్రుల వరండాల్లో రేడియేషన్ అన్న మాట కంటే ‘కరెంటు’ అన్న మాటే ఇప్పటికీ ఎక్కువగా వినిపిస్తుంది. “అమ్మకు కరెంటు పెడుతున్నారు”, “ఇంకా ఎన్ని కరెంట్లు మిగిలాయి?” అని మాట్లాడుకుంటారు. ఉత్తరాదిలో దీన్నే ‘సికాయీ’ అంటారు, అంటే కాపడం. రెండు మాటల్లోనూ భయం ఉంది గానీ వాస్తవం లేదు. రోగి ఒంట్లోకి విద్యుత్తు వెళ్లదు. వేడి మాటకొస్తే, రొమ్ము క్యాన్సర్‌కు సాంప్రదాయికంగా ఇచ్చే 50 గ్రేల మోతాదు మొత్తాన్ని ఒకేసారి ఇచ్చినా కణజాలం ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో సుమారు వందో వంతు మాత్రమే పెరుగుతుంది. గ్రే అంటే కిలో కణజాలం పీల్చుకునే ఒక జౌల్ శక్తి. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే పేరు మీద వచ్చిన ప్రమాణం ఇది. అంత కొద్ది శక్తితో క్యాన్సర్ కణం చచ్చిపోవడానికి కారణం వేడి కాదు. ఎక్స్ కిరణాలు కణంలోని డీఎన్ఏ పోగులను తెంపుతాయి. తెగిన పోగులను సరిగా అతుక్కోలేని కణం విభజన దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది.

రోగులకు ఎదురయ్యే అసలు చిక్కు మాటల్లో కాదు, రోజుల్లో ఉంటుంది. ఆపరేషన్ అయింది, కీమో అవసరమైన వాళ్లకు అదీ అయింది, డాక్టరు రేడియేషన్ రాశారు. తీరా వెళ్తే ఆ రోజు పెట్టరు. స్కాన్ తీస్తారు, ఒంటి మీద గీతలు గీస్తారు, చుక్కలు పొడుస్తారు, “కొన్ని రోజుల తర్వాత ఫోన్ చేస్తాం, రండి” అంటారు. గది అద్దెకు తీసుకుని ఆసుపత్రి పక్కన ఉంటున్న కుటుంబానికి ఇది ఆలస్యంగానే కనిపిస్తుంది. కొన్నిచోట్ల యంత్రం ఖాళీ లేక నిజంగా ఆలస్యమయ్యే మాటా అబద్ధం కాదు. కానీ ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రి లోపల చాలా పని జరుగుతుంది. యంత్రం కిరణాలు విడుదల చేసేది రోజుకు ఒకటి రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో తేల్చే పని అంతా ముందే అయిపోవాలి.

తీసేసిన గడ్డకు మళ్లీ చికిత్స ఎందుకు?

2022 గ్లోబోకాన్ అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. భారతీయ మహిళల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ ఇదే. వీరిలో రొమ్మును నిలుపుకుని గడ్డను మాత్రమే తీయించుకున్న వారిలో దాదాపు అందరికీ, రొమ్ము మొత్తం తీసేసిన వారిలో గడ్డ పెద్దదైనా, చంకలోని లింఫు గ్రంథులకు పాకినా, రేడియేషన్ సూచిస్తారు.

“గడ్డ తీసేశారు కదా, ఇంకెందుకు?” అన్నది సహజమైన ప్రశ్నే. దానికి జవాబు అమెరికాలో 1976లో మొదలైన బీ-06 అనే పరీక్షలో దొరికింది. గడ్డ మాత్రమే తీసిన మహిళలను రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు రేడియేషన్ ఇచ్చారు, మరో జట్టుకు ఇవ్వలేదు. 20 ఏళ్ల తర్వాత చూస్తే రేడియేషన్ తీసుకోని వారిలో 39.2 శాతం మందికి అదే రొమ్ములో క్యాన్సర్ తిరిగి వచ్చింది. తీసుకున్నవారిలో అది 14.3 శాతమే. కంటికి కనిపించని కణాలు కత్తికి దొరకవు అన్నమాట. ఆ తర్వాత 2011లో 17 పరీక్షల్లోని 10,801 మంది వివరాలను కలిపి చూసినప్పుడు మరో సంగతి తేలింది. మొదటి పదేళ్లలో నలుగురికి క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపగలిగితే, 15 ఏళ్లు గడిచేసరికి వారిలో ఒక ప్రాణం నిలబడుతోంది.

కాబట్టి ఇవ్వాలా వద్దా అన్న చర్చ చాలామంది విషయంలో ముగిసింది. మిగిలింది ఎలా ఇవ్వాలన్నదే. అక్కడ అసలు కష్టం మొదలవుతుంది.

చెక్కు తీసినట్టు

మెదడు పుర్రెలో కదలకుండా ఉంటుంది. రొమ్ము అలా కాదు. పడుకుంటే ఒక ఆకారం, కూర్చుంటే మరొకటి. చెయ్యి పైకెత్తితే సాగుతుంది, పక్కకు ఒరిగితే జారుతుంది. ఊపిరితో పాటు లేస్తుంది, దిగుతుంది. దాని కింద పక్కటెముకల పలుచని గోడ, ఆ గోడకు ఆనుకుని ఊపిరితిత్తి, ఎడమ వైపైతే గుండె. ఎదురుగా నిలబడి కిరణాన్ని నేరుగా పంపితే అది రొమ్మును దాటి ఊపిరితిత్తిలోకీ గుండెలోకీ పోతుంది.

అందుకే కిరణాలను నేరుగా కాకుండా ఏటవాలుగా, ఛాతీని ఒరుసుకుంటూ పోయేలా పంపుతారు. మామిడికాయ చెక్కు తీసేటప్పుడు కత్తిని కాయలోకి దించం కదా, పైపైన ఒంపు వెంట పోనిస్తాం. అలాగే ఒక కిరణం ఛాతీ నడిమి ఎముక వైపు నుంచి, దానికి ఎదురుగా రెండోది చంక వైపు నుంచి వస్తాయి. ఈ రెండూ కలిసి రొమ్మునూ, దాని కింది ఛాతీ గోడనూ కప్పుతాయి. లోపల ఊపిరితిత్తి అంచు కొంత తగులుతుంది. దాన్ని పూర్తిగా తప్పించలేం. ఆ తగిలే ముక్క మందం ఎంత ఉండవచ్చన్నదే బేరం. పాతకాలపు ఎక్స్‌రే సిమ్యులేటర్ ఫిల్ముల మీద వైద్యులు స్కేలుతో కొలిచింది దాన్నే. రెండు మూడు సెంటీమీటర్లు దాటితే కోణం మార్చేవారు.

ఆ రోజుల పద్ధతి గురించి ఒక్క మాట. సీటీ స్కాన్ లేని చోట వంగే తీగను రోగి ఛాతీ మీద ఒంపుగా అద్ది, ఆ వంపు చెదరకుండా తీసి, గ్రాఫ్ కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకునేవారు. ఆ ఒక్క గీతే రొమ్ము నడిమి భాగపు పటం. పైన, కింద ఆకారం ఎలా ఉందో కాగితానికి తెలియదు. గుండె ఎక్కడుందో అసలే తెలియదు. ఆ పద్ధతిలోనే వేలాదిమంది బతికారు, అది తక్కువ మాట కాదు. కానీ దాని మూల్యం ఏమిటో చాలా ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు. ఆ సంగతికి వస్తాను.

చెయ్యి తలపైకి లేవాలి

ప్లానింగ్ స్కాన్‌కు పిలిచిన రోజు మొదటి పరీక్ష యంత్రానిది కాదు, భుజానిది. రెండు చేతులూ, లేదా కనీసం చికిత్స వైపు చెయ్యి, తలపైకి ఎత్తి 15 నుంచి 20 నిమిషాలు కదలకుండా ఉంచాలి. చెయ్యి కిందికి ఉంటే కిరణాల దారికి అడ్డం వస్తుంది. చంకలో గ్రంథులు తీసిన ఆపరేషన్ తర్వాత నొప్పికి భయపడి చెయ్యి కదపని వాళ్లు ఎందరో. “కుట్లు ఊడతాయి, చెయ్యి ఎత్తకు” అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా చెప్పే సలహా కూడా దీనికి తోడవుతుంది. భుజం బిగుసుకుపోతుంది. అలా వచ్చిన రోగిని వెనక్కి పంపి, రెండు మూడు వారాలు వ్యాయామం చేయించి మళ్లీ పిలవాల్సి వస్తుంది. అంతవరకూ చికిత్స వాయిదానే.

గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ ఎక్కడం, కర్రను రెండు చేతులతో పట్టి తలపైకి లేపడం లాంటి వ్యాయామాలు శస్త్రచికిత్స వైద్యులు ఒప్పుకున్న రోజు నుంచే మొదలుపెట్టాలి. ఫిజియోథెరపీని ఆపరేషన్ తర్వాత వచ్చే అదనపు సౌకర్యంలా చూడటం మన దగ్గర పాత అలవాటు. రొమ్ము క్యాన్సర్‌లో మాత్రం రేడియేషన్ మొదలయ్యే తేదీని నిర్ణయించేది చాలాసార్లు అదే.

స్కాన్ గదిలో బల్ల మీద ఏటవాలు పలక ఒకటి ఉంటుంది. ‘బ్రెస్ట్ బోర్డు’ అంటారు. పడుకుంటే వీపు కొంచెం పైకి లేచి ఛాతీ నడిమి ఎముక బల్లకు సమాంతరంగా వస్తుంది. ఆ వాలు ఉంటే రొమ్ము గొంతు వైపు జారదు. తలకు ఒక ఆసరా, మోచేతులకు, మణికట్లకు ఒక్కో ఆసరా, జారిపోకుండా పిరుదుల కింద ఒక అడ్డు. ఈ ఆసరాలన్నిటికీ అంకెలు ఉంటాయి. ఏ రోగికి ఏ అంకె దగ్గర పెట్టారో రాసుకుంటారు. చికిత్స రోజుల్లో లినాక్ గదిలో అదే పలక, అవే అంకెలు.

సిగ్గు మాట కూడా చెప్పుకోవాలి. పైబట్ట తీసి, చేతులు పైకెత్తి, అపరిచితుల ముందు కదలకుండా పడుకోవడం మన ఆడవాళ్లకు తేలిక కాదు. శరీరం బిగుసుకుంటుంది. బిగుసుకున్న భుజాలు మర్నాటికి సడలితే కొలత మారుతుంది. అంటే రోగి సుఖంగా ఉండటం మర్యాద విషయమే కాదు, కచ్చితత్వం విషయం కూడా. మహిళా టెక్నాలజిస్టు ఉండాలని, కావలసినంత సేపే బట్ట తొలగించాలని అడగడం రోగి హక్కు. చాలా ఆసుపత్రులు అడగకుండానే ఆ ఏర్పాటు చేస్తున్నాయి.

పచ్చబొట్టంత కాదు, చుక్కంత

భంగిమ కుదిరాక రేడియేషన్ డాక్టరు చేత్తో తడిమి రొమ్ము ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉందో చూసి, దాని చుట్టూ పలుచని లోహపు తీగ అంటిస్తారు. ఆపరేషన్ మచ్చ మీద మరో తీగ. సీటీ చిత్రంలో రొమ్ము కణజాలం, పక్కనున్న కొవ్వు ఒకేలా కనిపించవచ్చు. తీగ మాత్రం తెల్లగా మెరుస్తుంది. రొమ్ము మొత్తం తీసేసిన వారి విషయంలో రెండో వైపు రొమ్మును చూసి హద్దులు ఊహించాలి. చేతి అనుభవం ఇక్కడ స్కాన్ కంటే ముందుంటుంది.

గది గోడల నుంచి, పైకప్పు నుంచి సన్నని లేజర్ గీతలు ఒంటి మీద పడతాయి. మేస్త్రి దారానికి గుండు కట్టి గోడ నిలువు చూసుకున్నట్టే ఇది. నిలువు, అడ్డం, లోతు అనే మూడు దిక్కులూ కలిసే చోటును ఈ గీతలు చూపిస్తాయి. అవి తాకిన చోట, సాధారణంగా ఛాతీ మధ్యన ఒకటి, రెండు పక్కల ఒక్కోటి, సూదిమొనతో సిరా చుక్క పొడుస్తారు. అదే టాటూ. మన అమ్మమ్మల చేతుల మీది పచ్చబొట్లతో పోలిస్తే ఇది చాలా చిన్నది, పుట్టుమచ్చ కంటే చిన్నది. కొన్నిచోట్ల టాటూ బదులు మార్కర్ గీతలతోనే సరిపెడతారు.

ఈ గీతల దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఎండాకాలం చెమటకు చెరిగిపోతాయి. స్నానంలో పసుపు రాసుకుంటే పోతాయి. సున్నిపిండితో రుద్దితే చెప్పనక్కర్లేదు. అప్పుడు రోగి కంగారుపడి, డాక్టరు తిడతారేమోనని, ఇంట్లో పిల్లల స్కెచ్ పెన్నుతో తానే మళ్లీ దిద్దుకుంటుంది. చెరిగిపోయిన గీత కంటే తప్పుగా దిద్దిన గీత ప్రమాదం. గీత లేకపోతే సిబ్బంది కొలతలు తీసి మళ్లీ గీస్తారు. ఉన్న గీత సరైనదో కాదో వాళ్లకు అనుమానం రాకపోవచ్చు. చెరిగితే చెరిగిందని చెప్పడం ఒక్కటే చేయవలసిన పని.

గీతలు పూర్తయ్యాక అదే భంగిమలో సీటీ తీస్తారు. గడ్డం దగ్గర నుంచి పొట్ట పైభాగం వరకు, సుమారు 3 మిల్లీమీటర్లకు ఒక చిత్రం చొప్పున, వంద దాటిన చిత్రాలు వస్తాయి. రోగి ఇంటికి వెళ్తుంది. చిత్రాలు లోపలి గదికి వెళ్తాయి.

కంప్యూటర్ ముందు బేరాలు

ఆ లోపలి గదిలో మొదట డాక్టరు కూర్చుంటారు. ఒక్కో చిత్రం మీద మౌస్‌తో హద్దులు గీస్తారు. చికిత్స అందవలసినది ఒక రంగు: రొమ్ము, ఛాతీ గోడ, అవసరమైతే కంటె ఎముక పైనున్న గ్రంథులు. గడ్డ తీసిన గుంతను వేరుగా గుర్తిస్తారు. తిరగబెడితే ఎక్కువగా ఆ చుట్టుపక్కలే కాబట్టి కొందరికి అక్కడ అదనపు మోతాదు ఇస్తారు. దెబ్బ తగలకూడనివి వేరే రంగులు: గుండె, రెండు ఊపిరితిత్తులు, రెండో రొమ్ము, వెన్నుపాము. ఊపిరి కదలికకూ, రోజూ పడుకునే తీరులో వచ్చే చిన్న తేడాలకూ లెక్కవేసి, చికిత్స హద్దు చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల అంచు కలుపుతారు.

తర్వాత మెడికల్ ఫిజిసిస్టు వంతు. రోగులు చాలామంది ఈ మనిషిని ఒక్కసారైనా చూడరు. భౌతికశాస్త్రం చదివి, మోతాదు లెక్కించే పనిలో ప్రత్యేక శిక్షణ పొందినవారు వీరు. కిరణాల కోణం ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఒక డిగ్రీ తిప్పితే ఊపిరితిత్తికి కాస్త ఊరట, కానీ రొమ్ము అంచు ఒకటి తప్పిపోతుంది. మళ్లీ తిప్పాలి.

రొమ్ము ఆకారమే మరో సమస్య. చూచుకం దగ్గర పలుచన, ఛాతీ దగ్గర మందం. ఎదురెదురుగా రెండు కిరణాలు సమానంగా పంపితే పలుచని చోట మోతాదు ఎక్కువైపోతుంది. పూర్వం లోహపు చీలిక ఒకటి, తలుపు కింద పెట్టే చెక్కముక్క ఆకారంలోది, కిరణం దారిలో పెట్టి పలుచని వైపు తీవ్రత తగ్గించేవారు. ఇప్పుడు లినాక్ తలలో సన్నని లోహపు పలకలు వరుసగా ఉంటాయి. ఒక్కోటీ విడివిడిగా జరుగుతుంది. కిరణం కొంత సేపు పూర్తి వెడల్పుతో వెళ్తుంది, తర్వాత ఎక్కువ మోతాదు పడే చోటును పలకలు మూసేసి మిగతా భాగానికి కాస్త ఇస్తుంది. లక్ష్యం ఏమిటంటే, రాసిన మోతాదులో 95 నుంచి 107 శాతం మధ్యలో అంతటా పడాలి. భారీ రొమ్ము ఉన్నవారిలో ఇది కుదర్చడం కష్టం. కింది మడత దగ్గర చర్మం పుండు కావడానికి మోతాదు అక్కడ పోగుపడటం ఒక కారణం, చర్మానికి చర్మం తగిలి చెమట నిలవడం మరో కారణం.

మన దేశంలో కోబాల్ట్ యంత్రాలు ఇంకా పనిచేస్తున్నాయి. బాబా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ కూడా కోబాల్ట్ యంత్రమే. కోబాల్ట్ గామా కిరణాల గరిష్ఠ మోతాదు చర్మానికి అర సెంటీమీటరు లోతున పడుతుంది. 6 మెగావోల్టుల లినాక్‌లో అది సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున. అంటే లినాక్‌లో చర్మం కొంత తప్పించుకుంటుంది. రొమ్ము నిలుపుకున్నవారికి ఇది మేలే. రొమ్ము తీసేసిన వారిలో కొందరికి మాత్రం చర్మానికే పూర్తి మోతాదు కావాలి. వారికి ఛాతీ మీద కణజాలం లాంటి జెల్ పలకను పరుస్తారు, దాన్నే బోలస్ అంటారు. కిరణానికి అదే చర్మం అనిపిస్తుంది, అసలు చర్మం ‘లోపలి’ పొర అవుతుంది. ఇంత సులువైన ఉపాయం ఈ శాస్త్రంలో మరొకటి లేదేమో.

గుండె లెక్క

2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఈ రంగంలో చాలామంది నిద్ర చెడగొట్టింది. 1958 నుంచి 2001 మధ్య స్వీడన్, డెన్మార్క్‌లలో రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న 2,168 మంది మహిళల రికార్డులు తిరగేసి, వారి గుండెకు ఎంత మోతాదు తగిలిందో శారా డార్బీ బృందం లెక్కకట్టింది. గుండెకు తగిలే సగటు మోతాదు ఒక గ్రే పెరిగినప్పుడల్లా గుండెపోటు లాంటి పెద్ద సంఘటనల ముప్పు 7.4 శాతం పెరుగుతోంది. ‘ఇంత వరకు ఫరవాలేదు’ అనే గీత ఎక్కడా కనిపించలేదు. ముప్పు అయిదేళ్ల లోపే మొదలై, కనీసం ఇరవై ఏళ్ల పాటు కొనసాగింది. గ్రాఫ్ కాగితం మీద కనిపించని గుండె ఇలా లెక్క అడిగింది.

ఈ అంకెను చదివి బెంబేలెత్తవలసిన పని లేదు. అది ఉన్న ముప్పు మీద పెరుగుదల. ఒక మహిళకు గుండెజబ్బు వచ్చే అవకాశం నూటికి రెండు అనుకుంటే, ఒక గ్రే తగిలితే అది సుమారు 2.15 అవుతుంది. కానీ అప్పటికే మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్న మహిళకు మొదటి అంకే పెద్దది. కాబట్టి పెరుగుదలా పెద్దదే. అందుకే ప్లానింగ్ రోజున ఆ వివరాలన్నీ చెప్పాలి. క్యాన్సర్ డాక్టరుకు షుగర్ సంగతి ఎందుకులే అనుకోకూడదు.

ఎడమ రొమ్ము విషయంలో గుండెను తప్పించడానికి దొరికిన మార్గం ఊపిరి. గట్టిగా గాలి పీల్చి ఛాతీ నింపుకుంటే డయాఫ్రం కిందికి దిగుతుంది, దానితో గుండె కిందికీ వెనక్కీ జరుగుతుంది. ఛాతీ గోడకూ గుండెకూ మధ్య గాలి నిండిన ఊపిరితిత్తి దిండులా అడ్డం వస్తుంది. గుండె ముందు భాగం మీదుగా దిగే ముఖ్యమైన రక్తనాళం కిరణాల దారి నుంచి పక్కకు తప్పుకుంటుంది. ఆ ఊపిరిని సుమారు 20 సెకన్లు పట్టి ఉంచితే ఆ సేపు మాత్రమే కిరణం వస్తుంది. వదిలితే ఆగిపోతుంది. ఒక పూట చికిత్సలో ఇలా కొన్నిసార్లు పట్టాలి. దీన్ని డీఐబీహెచ్ అంటారు.

ఛాతీ ఎంత లేచిందో చూడటానికి కెమెరాలు, ఒంటి మీద పెట్టే చిన్న పెట్టె, ఊపిరి గొట్టానికి అమర్చే కవాటం లాంటి పరికరాలు ఉన్నాయి. ఇవన్నీ ఖరీదు. అయితే బ్రిటన్‌లో జరిగిన హార్ట్‌స్పేర్ అధ్యయనం ఆశ కలిగించే మాట చెప్పింది: రోగి తనంతట తాను ఊపిరి బిగపట్టి, సిబ్బంది ఒంటి మీది గీతలూ కాంతి గీతలూ కలుస్తున్నాయో లేదో చూసుకుంటూ చేసినా, ఖరీదైన కవాటం పరికరంతో సమానంగా గుండెను కాపాడవచ్చు. పరికరం లేని చోట కూడా అడిగి చూడదగిన పద్ధతి ఇది. కావలసింది ఓపిక, భాష. “గాలి పీల్చండి, పట్టండి, వదలండి” అన్న మూడు మాటలు రోగికి అర్థమయ్యే భాషలో ముందే రెండు మూడు రోజులు సాధన చేయిస్తే చాలామందికి పట్టుబడుతుంది. ఆయాసం ఉన్నవారికి, వినికిడి తక్కువైన వారికి ఇది కుదరకపోవచ్చు. వారి కోసం గుండె ముందు పలకలతో కొంత భాగం మూసేయడం, బోర్లా పడుకోబెట్టి చికిత్స ఇవ్వడం లాంటి వేరే దారులు ఉన్నాయి.

25 నుంచి 5కు

మన ప్రాంతంలో రోగి కుటుంబాన్ని అన్నిటికంటే ఎక్కువ వేధించే అంకె గ్రేలది కాదు, రోజులది. ఒకప్పుడు 50 గ్రేలను రోజుకు 2 చొప్పున 25 రోజులు, అంటే అయిదు వారాలు ఇచ్చేవారు. బ్రిటన్‌లోని స్టార్ట్-బీ పరీక్ష రోజుకు 2.67 చొప్పున 15 రోజుల్లో 40 గ్రేలు ఇచ్చి చూసింది. పదేళ్లకు రొమ్ములోనో, చుట్టుపక్కల గ్రంథుల్లోనో తిరగబెట్టినది 25 రోజుల జట్టులో 5.5 శాతం, 15 రోజుల జట్టులో 4.3 శాతం. తగ్గించినందువల్ల నష్టం లేదని తేలింది. ఆ తర్వాత ఫాస్ట్-ఫార్వర్డ్ అనే పరీక్ష 97 ఆసుపత్రుల్లో 4,096 మందితో మరో అడుగు వేసింది. రోజుకు 5.2 చొప్పున 5 రోజులు, మొత్తం 26 గ్రేలు. అయిదేళ్ల ఫలితాలు 2020లో వచ్చాయి: రొమ్ములో తిరగబెట్టినది 15 రోజుల వారిలో 2.1 శాతం, 5 రోజుల వారిలో 1.4 శాతం. మన దేశంలో కోల్‌కతాలోని టాటా మెడికల్ సెంటర్ నుంచి మొదలైన హైపోర్ట్-అడ్జువెంట్ పరీక్ష మన రోగుల్లో ఈ రెండు పద్ధతులనే పోల్చి చూస్తోంది.

కూలికి వెళ్లే మహిళకు అయిదు వారాలు, ఒక వారం అన్న తేడా ఎంతో వివరించనక్కర్లేదు. తోడు వచ్చే మనిషి కూలి కూడా లెక్కలోదే. దూరం, ఖర్చు తట్టుకోలేక చికిత్స మధ్యలో వదిలేసే వాళ్లు ఉన్న చోట, రోజులు తగ్గడం కూడా వైద్యంలో భాగమే.

కానీ రోజులు తగ్గితే ఒంటి మీది చుక్కకు బాధ్యత పెరుగుతుంది. 25 రోజుల చికిత్సలో ఒక పూట భంగిమ తప్పితే తప్పిపోయేది మొత్తంలో 4 శాతం. 5 రోజుల చికిత్సలో ఒక పూట తప్పితే 20 శాతం. గ్రంథులకు కూడా చికిత్స కావలసిన వారికి, పునర్నిర్మాణ శస్త్రచికిత్స అయిన వారికి ఎన్ని రోజులన్నది వారి డాక్టరే తేల్చాలి. పక్క మంచం ఆమెకు 5 రోజులే కదా, నాకెందుకు 15 అని అడగవచ్చు, అడగాలి. జవాబు మాత్రం ఇద్దరికీ ఒకటే కానక్కర్లేదు.

మొదటి రోజు

చికిత్స మొదలయ్యే రోజు రోగి లినాక్ గదిలో అదే పలక మీద, అవే అంకెల దగ్గర పడుకుంటుంది. టెక్నాలజిస్టులు లేజర్ గీతలను చుక్కల మీదికి తెస్తారు. రోగి సాయం చేయాలని తానే జరగబోతుంది. అది వద్దు. బరువు వదిలేసి పడుకుంటే వాళ్లే జరుపుతారు. తర్వాత యంత్రంతోనే ఒక చిత్రం తీసి, అందులోని పక్కటెముకలు, ఊపిరితిత్తి అంచు ప్లానింగ్ సీటీలో ఉన్న చోటే ఉన్నాయో లేదో పోలుస్తారు. కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటే బల్లను జరిపి సరిచేస్తారు, అంతకు మించితే లేపి మళ్లీ పడుకోబెడతారు. మొదటి రోజు అరగంట, ముప్పావు గంట పట్టడానికి కారణం ఇదే. తేడా వచ్చిందని మళ్లీ పడుకోబెడుతున్నారంటే అది పనివాళ్ల అజాగ్రత్త కాదు, జాగ్రత్త.

ఆపరేషన్ గుంతలో నీరు చేరి రొమ్ము ఉబ్బినా, చేరిన నీరు ఇంకిపోయి ఆకారం తగ్గినా పాత లెక్క పనికిరాకపోవచ్చు. అప్పుడు మళ్లీ స్కాన్ తీస్తారు. రోజూ తీసే చిత్రాలు ఆ మార్పును పట్టిస్తాయి. లోపలి దుస్తులు బిగుతయ్యాయో వదులయ్యాయో ముందుగా తెలిసేది రోగికే, చెబితే మంచిది.

అన్నీ సరిపోయాక సిబ్బంది బయటికి వెళ్తారు, మందపాటి తలుపు మూసుకుంటుంది. కెమెరాలో చూస్తూనే ఉంటారు, మైకులో మాట వినిపిస్తుంది, దగ్గు వచ్చినా చెయ్యి ఊపితే ఆపేస్తారు. యంత్రం రోద తప్ప ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, వేడి ఉండదు. మీట ఆగిన క్షణమే కిరణాలు ఆగిపోతాయి. ఒంట్లో ఏదీ మిగలదు. ఇంటికి వెళ్లి మనవడిని ఎత్తుకోవచ్చు, వంట చేయవచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడం వల్ల వేరే గదిలో, వేరే కంచంలో తింటూ గడిపే మహిళలు ఇప్పటికీ ఉన్నారు.

చర్మం ఎర్రబడటం, నల్లబడటం, చికిత్స ముగిసిన వారం రెండు వారాల్లో ఎక్కువై తర్వాత తగ్గడం మామూలే. వదులైన నూలు జాకెట్టు, గోరువెచ్చని నీళ్లు, రుద్దకుండా అద్దుకోవడం చాలు. డాక్టరును అడగకుండా ఆ భాగం మీద ఏ లేపనమూ, పసరూ పూయకూడదు.

చివరి రోజు తర్వాత మార్కర్ గీతలు నాలుగు స్నానాలకు పోతాయి. చుక్కలు మిగులుతాయి. వాటితో పాటు ఇంటికి తెచ్చుకోవలసింది మరొకటి ఉంది: ఏ వైపు, ఎన్ని గ్రేలు, ఎన్ని రోజులు, ఏ తేదీల మధ్య ఇచ్చారో రాసిన చికిత్స సారాంశం కాగితం. ఏ పదేళ్లకో రెండో రొమ్ముకో, ఊపిరితిత్తికో, వెన్నెముకకో రేడియేషన్ అవసరమైతే, కొత్త ఫిజిసిస్టు మొదట అడిగేది ఆ కాగితాన్నే. పాత కిరణాలు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో తెలిస్తేనే కొత్త కిరణాల కోణం కుదురుతుంది. రేషన్ కార్డు, ఆధార్ ఉన్న కవరులోనే దాన్నీ పెట్టుకోవచ్చు.